నెలల తరబడి ఆగిన కుబర్నెటీస్ క్లస్టర్‌ను మళ్లీ లేపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కుబర్నెటీస్ అంటే అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద కలిపి నడిపే సాఫ్ట్‌వేర్, ఆ సర్వర్ల గుంపే క్లస్టర్. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్లస్టర్ అంటే చాలాచోట్ల పెద్ద డేటా సెంటర్ ఏమీ కాదు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ఏసీ గది మూలన మూడు నాలుగు సర్వర్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో కాటా లెక్కలు నడిపే రెండు పెట్టెలు, ఒంగోలులోనో కావలిలోనో కాలేజీ ల్యాబులో ఒక రాక్. సరుకు లేక యూనిట్ మూసినా, తుపానుకి కరెంటు తీసేసినా, ల్యాబు వేరే బిల్డింగ్‌కి మారినా ఇవి నెలలకు నెలలు ఆగిపోతాయి. మళ్లీ స్విచ్ వేసిన రోజు వచ్చే ప్రశ్నలివి. జవాబులు ఉబుంటు మీద క్యూబ్‌ఏడీఎం అనే ఇన్‌స్టాల్ సాధనంతో కట్టిన క్లస్టర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కే3ఎస్, ఓపెన్‌షిఫ్ట్ అనే వేరే రకం కుబర్నెటీస్‌ల సంగతి చివర్లో ఉంది. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం, టెర్మినల్‌లో ఎప్పటిలా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఆపేటప్పుడు బాగానే ఉంది. ఊరికే ఆపి ఉంచితే ఎందుకు చెడింది?

చెడేవి సర్టిఫికెట్లు, అంటే క్లస్టర్‌లోని భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే డిజిటల్ గుర్తింపు కార్డులు. సర్టిఫికెట్‌కి కరెంటుతో పనిలేదు, క్యాలెండర్‌తోనే పని. సర్వర్ ఆగినా గడువు ఆగదు. క్యూబ్‌ఏడీఎం ఇచ్చే సర్టిఫికెట్లకు ఆయుష్షు 1 ఏడాది, వాటి మీద సంతకం పెట్టే సీఏ (సర్టిఫికెట్ అథారిటీ)కి 10 ఏళ్లు. నడుస్తున్న క్లస్టర్‌లో ఈ సంగతి ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది. ఎందుకంటే వెర్షన్ అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ క్యూబ్‌ఏడీఎం కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ను నడిపించే భాగం) సర్టిఫికెట్లను తనే కొత్తవి చేస్తుంది. నోడ్లలో (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్ ఒక నోడ్) కంటైనర్లను నడిపే క్యూబ్‌లెట్ కూడా ఆయుష్షులో 70 నుంచి 90 శాతం గడిచేసరికి తన సర్టిఫికెట్‌ను తనే మార్చుకుంటుంది. మిషన్ ఆఫ్‌లో ఉంటే రెండూ జరగవు.

ఏడాది ఆపితేనే ఈ బాధ అనుకోవద్దు. సరిగ్గా మార్చుకోబోయే ముందు స్విచ్ తీసేస్తే క్యూబ్‌లెట్ సర్టిఫికెట్‌కి 36 రోజులే మిగిలి ఉండొచ్చు. రెండు నెలల సెలవులకే పడిపోయిన క్లస్టర్ల రహస్యం ఇదే.

స్విచ్ వేసే ముందు చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవన్నీ చేత్తో చూసేవే. ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఏసీ ఆపేసిన గదిలోకి ఉప్పుగాలి చేరుతుంది. ర్యామ్ పట్టీల బంగారు కొసల మీద, పవర్ కనెక్టర్ల మీద మసక పొర పడుతుంది. ర్యామ్ ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో కొసలు తుడిచి, ఆరాక పెట్టండి. చీమకుర్తి వైపు ఉప్పు కన్నా రాతిపొడి బాధ ఎక్కువ. హీట్‌సింక్ రెక్కల మధ్య అది గట్టకట్టి ఉంటుంది. బ్లోయర్ పెట్టే ముందు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది.

యూపీఎస్ బ్యాటరీని నమ్మొద్దు. నెలలు చార్జింగ్ లేకుండా పడి ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మీటర్‌లో 11.8 కన్నా తక్కువ చూపిస్తే దాదాపు ఖాళీ అయినట్టే. నిండుగా ఉన్నది 12.6కి పైన చూపిస్తుంది. బ్యాటరీ సంగతి తేల్చకుండా క్లస్టర్‌ను లేపితే, సగం పనిలో కరెంటు పోయి క్లస్టర్ వివరాలన్నీ దాచే ఎట్‌సీడీ డేటాబేస్ దెబ్బతినొచ్చు. సర్టిఫికెట్ పోతే గంటలో బాగవుతుంది. ఎట్‌సీడీ పోయి, బ్యాకప్ కూడా లేకపోతే క్లస్టర్‌ను మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

ఎస్‌ఎస్‌డీలు కూడా కరెంటు లేకుండా కలకాలం డేటా పట్టుకోవు. జెడెక్ ప్రమాణం ప్రకారం రాతల ఆయుష్షు పూర్తయిన ఎంటర్‌ప్రైజ్ డిస్కు 40 డిగ్రీల దగ్గర 3 నెలలు, ఇళ్లలో వాడే రకం 30 డిగ్రీల దగ్గర 1 ఏడాది డేటా నిలపాలి. బాగా అరిగిన డిస్కులకు వేసిన లెక్క ఇది, కొత్తవాటికి అంత భయం అక్కర్లేదు. అయినా మే నెలంతా మూసిన గదిలో ఉన్న పాత డిస్కయితే, లేచిన వెంటనే "స్మార్ట్‌సీటీఎల్ -ఏ"తో దాని ఆరోగ్యం చూడండి.

ఏ వరసలో ఆన్ చేయాలి?

ముందు నెట్‌వర్క్ స్విచ్, రౌటర్. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి స్టోరేజ్ పెట్టె ఉంటే అది. ఆ తర్వాత కంట్రోల్ ప్లేన్ నోడ్లన్నీ ఒకేసారి, చివరికి వర్కర్లు (అప్లికేషన్లు నడిపే నోడ్లు). ఆపేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు. కంట్రోల్ ప్లేన్ మూడైతే ఒక్కదాన్ని లేపి, అది పలకట్లేదని గాభరా పడొద్దు. మూడింటిలో రెండు ఉంటేగానీ ఎట్‌సీడీకి కోరం కుదరదు, ఒంటరిది తోడు కోసం చూస్తూ కూర్చుంటుంది.

"సర్టిఫికెట్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్ ఆర్ ఈజ్ నాట్ యెట్ వ్యాలిడ్" అని వస్తోంది. గడువు తీరినట్టేగా?

ఆగండి. ఆ వాక్యంలో రెండు మాటలున్నాయి: గడువు తీరింది, లేదా గడువు ఇంకా మొదలే కాలేదు. ఏది నిజమో అదే వరస చివర ఉంటుంది. ఇప్పటి సమయం ఫలానా, అది ఫలానా తేదీకి "ఆఫ్టర్" అని ఉంటే గడువు తీరినట్టు. "బిఫోర్" అని ఉంటే మీ గడియారం వెనకబడినట్టు.

నెలల తరబడి ప్లగ్ పీకేసిన సర్వర్‌లో గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. అది 3 వోల్టులది. మీటర్‌లో 2.7 కన్నా దిగువన ఉంటే మార్చేయండి. అది చచ్చిపోతే మిషన్ ఏదో పాత తేదీతో లేస్తుంది. మామూలుగా ఇంటర్నెట్ నుంచి క్రోనీ అనే టైమ్ సర్వీసు సమయం తెచ్చి సరిచేస్తుంది, కానీ యూనిట్ మూసినన్నాళ్లూ ఫైబర్ బిల్లు కట్టి ఉండరు కదా. నెట్ లేదు, సమయం లేదు, సర్టిఫికెట్ చెల్లదు. తప్పు మాత్రం కుబర్నెటీస్ మీద పడుతుంది.

ప్రతి నోడ్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్" కొట్టండి. లోకల్ టైమ్, ఆర్‌టీసీ టైమ్ (మదర్‌బోర్డు గడియారం), సింక్ అయిందా లేదా అన్నీ కనిపిస్తాయి. నెట్ వచ్చాక "క్రోనీసీ మేక్‌స్టెప్"తో ఒక్కసారిగా సరిచేసి, "హెచ్‌డబ్ల్యూక్లాక్ --సిస్‌టుహెచ్‌సీ"తో మదర్‌బోర్డు గడియారంలోకి రాయండి. సర్టిఫికెట్ తేదీలు జీఎంటీలో ఉంటాయి, మన గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది. గడువు చివరి రోజున ఈ తేడా చాలామందిని తికమక పెడుతుంది.

గడియారం సరికాకుండా సర్టిఫికెట్లు కొత్తవి చేయొద్దు. తప్పు తేదీతో పుట్టిన సర్టిఫికెట్, గడియారం సరయిన క్షణాన చెల్లకుండా పోవచ్చు. అప్పుడు చిక్కు ఒకటి కాదు, రెండు.

ఏపీఐ సర్వర్ (క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలన్నీ అందుకునే భాగం) పలకనప్పుడు గడువు ఎలా చూడాలి?

కంట్రోల్ ప్లేన్ నోడ్‌లో "సుడో క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ చెక్-ఎక్స్‌పిరేషన్". క్లస్టర్ నుంచి కాన్ఫిగ్ చదవలేకపోయానని ఒక హెచ్చరిక ఇచ్చి, డిస్కు మీది ఫైళ్లు చూసి పట్టిక వేస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోనక్కర్లేదు. వెర్షన్ 1.20 కన్నా పాతదైతే మధ్యలో "ఆల్ఫా" అనే మాట చేర్చాలి.

ఈ పట్టికలో ఒక లోటుంది. క్యూబ్‌లెట్ వాడే సర్టిఫికెట్ అందులో కనపడదు. దాన్ని విడిగా చూడాలి: "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్509 -ఇన్ /వార్/లిబ్/క్యూబ్‌లెట్/పీకేఐ/క్యూబ్‌లెట్-క్లయింట్-కరెంట్.పెమ్ -నోఅవుట్ -ఎండ్‌డేట్". పట్టికంతా పచ్చగా ఉంది, అయినా నోడ్ లేవట్లేదు అనేవాళ్లలో ఎక్కువమంది ఈ ఫైలు చూడనివాళ్లే.

ముందు ఏవేవి కాపీ తీసుకోవాలి?

ప్రతి కంట్రోల్ ప్లేన్ నోడ్‌లోనూ /ఈటీసీ/కుబర్నెటీస్, /వార్/లిబ్/ఎట్‌సీడీ, /వార్/లిబ్/క్యూబ్‌లెట్/పీకేఐ ఈ మూడు ఫోల్డర్లను టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి), వేరే మిషన్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో మార్చండి. ఎట్‌సీడీ ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు ఎట్‌సీడీ నడవకూడదు, అందుకని "సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ క్యూబ్‌లెట్" కొట్టి, "క్రైసీటీఎల్ పీఎస్"లో ఎట్‌సీడీ కంటైనర్ కనిపిస్తే దాన్నీ ఆపాకే చేయండి. ఆ టార్‌లో సీఏ కీ ఉంటుంది, అంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం. పని అయ్యాక పెన్‌డ్రైవ్‌ను టేబుల్ సొరుగులో వదిలేయకండి.

సరే, గడువు తీరింది. ఇప్పుడు ఒక్కో అడుగూ చెప్పండి.

కంట్రోల్ ప్లేన్ నోడ్‌లో మొదటి అడుగు "సుడో క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ రెన్యూ ఆల్". ఏపీఐ సర్వర్, ఎట్‌సీడీ, ఫ్రంట్ ప్రాక్సీ సర్టిఫికెట్లు, వాటితోపాటు అడ్మిన్.కాన్ఫ్, కంట్రోలర్-మేనేజర్.కాన్ఫ్, షెడ్యూలర్.కాన్ఫ్ కొత్తవవుతాయి. వెర్షన్ 1.29 నుంచి సూపర్-అడ్మిన్.కాన్ఫ్ కూడా. పేర్లు, ఐపీలు పాత సర్టిఫికెట్లలో ఏవున్నాయో అవే కొత్తవాటిలోకి వస్తాయి. సీఏ మారదు, టోకెన్ల మీద సంతకం పెట్టే ఎస్ఏ.కీ మారదు. ఆ రెండింటినీ చెరిపి కొత్తవి చేస్తే బాగుంటుందేమో అన్న ఆలోచన రానివ్వకండి, టోకెన్లన్నీ చెల్లకుండా పోతాయి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రెన్యూ అయిందని తెర మీద వస్తుంది, సర్వర్ మాత్రం లేవదు. ఎందుకంటే ఏపీఐ సర్వర్, ఎట్‌సీడీ అన్నీ స్టాటిక్ పాడ్లు (నోడ్ డిస్కు మీది ఫైళ్ల నుంచి నేరుగా లేచే కంటైనర్లు), వాటిని లేపేది క్యూబ్‌లెట్. క్యూబ్‌లెట్ సర్టిఫికెట్ గడువూ తీరింది కాబట్టి అదే లేవట్లేదు. "జర్నల్‌సీటీఎల్ -యు క్యూబ్‌లెట్ -ఎన్ 50"లో బూట్‌స్ట్రాప్-క్యూబ్‌లెట్.కాన్ఫ్ అనే ఫైలు లేదని కనిపిస్తుంది. ఆ ఫైలు పోయిందేమో అని వెతకొద్దు. క్లస్టర్‌లో చేరిన రోజే క్యూబ్‌ఏడీఎం దాన్ని తీసేస్తుంది. సొంత సర్టిఫికెట్ చెల్లక, క్యూబ్‌లెట్ ఆఖరి దిక్కుగా దాన్ని అడుగుతోందంతే.

అందుకని రెండో అడుగు క్యూబ్‌లెట్‌కి కొత్త కాన్ఫిగ్. పాత /ఈటీసీ/కుబర్నెటీస్/క్యూబ్‌లెట్.కాన్ఫ్‌ను, క్యూబ్‌లెట్-క్లయింట్ పేరుతో మొదలయ్యే పెమ్ ఫైళ్లను పక్కకు తీసి పెట్టండి. తర్వాత "క్యూబ్‌ఏడీఎం ఇనిట్ ఫేజ్ క్యూబ్‌కాన్ఫిగ్ క్యూబ్‌లెట్" కొట్టండి. నోడ్ పేరు హోస్ట్‌నేమ్‌కి వేరుగా పెట్టుకుని ఉంటే "--నోడ్-నేమ్" తప్పనిసరి, కంట్రోల్ ప్లేన్ ఎండ్‌పాయింట్ వేరుగా ఉంటే "--కంట్రోల్-ప్లేన్-ఎండ్‌పాయింట్" కూడా. ఆపైన "సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ క్యూబ్‌లెట్".

మూడో అడుగు, అప్పటికే ఏవైనా స్టాటిక్ పాడ్లు పాత సర్టిఫికెట్‌తో నడుస్తుంటే వాటిని ఆపి లేపడం. /ఈటీసీ/కుబర్నెటీస్/మానిఫెస్ట్స్‌లోని నాలుగు ఫైళ్లను ఆ ఫోల్డర్ బయటికి జరపండి. క్యూబ్‌లెట్ ప్రతి 20 సెకన్లకు ఆ ఫోల్డర్‌లోకి తొంగి చూస్తుంది. ఫైలు లేకపోతే పాడ్‌ను ఆపేస్తుంది. "క్రైసీటీఎల్ పీఎస్"లో అవి మాయమయ్యాయని చూసుకుని ఫైళ్లను వెనక్కి పెట్టండి. మానిఫెస్ట్స్ లోపలే ఇంకో పేరుతో కాపీ ఉంచొద్దు. పేరు చివర ఏమున్నా క్యూబ్‌లెట్ దాన్నీ చదివి ఇంకో పాడ్ లేపబోతుంది.

కంట్రోల్ ప్లేన్ మూడైతే ఈ మూడు అడుగులూ మూడింటిలోనూ. ఒకదానిలో చేసిన రెన్యూ మిగతావాటికి పాకదు.

అన్నీ చేశాం. అయినా క్యూబ్‌సీటీఎల్ (క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే కమాండ్) గడువు తీరిందనే అంటోంది.

మీ హోమ్ ఫోల్డర్‌లోని .క్యూబ్/కాన్ఫిగ్ పాత అడ్మిన్.కాన్ఫ్ కాపీ. కొత్తదాన్ని దాని మీదికి కాపీ చేసి, ఓనర్‌ను మీ యూజర్‌కి మార్చండి. లాప్‌టాప్‌లో, జెంకిన్స్ లాంటి ఆటోమేషన్ సర్వర్‌లో పెట్టుకున్న కాపీలు కూడా మర్చిపోవద్దు.

కంట్రోల్ ప్లేన్ లేచింది. వర్కర్లు నాట్ రెడీలోనే ఉన్నాయి.

అదే క్యూబ్‌లెట్ జబ్బు, కానీ వర్కర్‌లో సీఏ కీ ఉండదు కాబట్టి మందు కంట్రోల్ ప్లేన్‌లో తయారవ్వాలి. అక్కడ "క్యూబ్‌ఏడీఎం క్యూబ్‌కాన్ఫిగ్ యూజర్ --ఆర్గ్ సిస్టమ్:నోడ్స్ --క్లయింట్-నేమ్ సిస్టమ్:నోడ్:వర్కర్-పేరు" కొట్టి, వచ్చినదాన్ని క్యూబ్‌లెట్.కాన్ఫ్ అనే ఫైలులోకి మళ్లించండి. పేరు "క్యూబ్‌సీటీఎల్ గెట్ నోడ్స్"లో కనిపించే పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఫైలు లోపల సర్వర్ అడ్రస్ సరిగా ఉందో లేదో ఒకసారి చూడండి.

వర్కర్‌లో పాత క్యూబ్‌లెట్.కాన్ఫ్‌ను, క్యూబ్‌లెట్-క్లయింట్ పెమ్ ఫైళ్లను తీసేసి కొత్తది పెట్టి, క్యూబ్‌లెట్‌ను రీస్టార్ట్ చేయండి. కాసేపటికి క్యూబ్‌లెట్-క్లయింట్-కరెంట్.పెమ్ మళ్లీ పుడుతుంది. అప్పుడు కాన్ఫ్ ఫైలు తెరిచి, అందులో నేరుగా అతికించి ఉన్న సర్టిఫికెట్ డేటా, కీ డేటా వరసలు రెండూ తీసి, వాటి చోట ఈ పెమ్ ఫైలు దారి రాయండి. మళ్లీ రీస్టార్ట్. ఇది వదిలేస్తే ఇవాళ అంతా బాగానే ఉంటుంది, సరిగ్గా ఏడాది తర్వాత రీస్టార్ట్ చేసిన రోజు మళ్లీ ఇదే కథ. కంట్రోల్ ప్లేన్ నోడ్‌లో చేసిన కాన్ఫ్‌కీ ఈ మార్పు చేయాలి.

పెమ్ పుట్టకపోతే "క్యూబ్‌సీటీఎల్ గెట్ సీఎస్ఆర్"లో సర్టిఫికెట్ దరఖాస్తులు (సీఎస్ఆర్‌లు) పెండింగ్ ఉన్నాయేమో చూడండి. వాటికి ఆమోదం ఇచ్చేది కంట్రోలర్ మేనేజర్. అది పాత సర్టిఫికెట్‌తోనే నడుస్తుంటే దరఖాస్తులు అలా పడి ఉంటాయి.

వర్కర్ డిస్కు మీద దాచుకున్న డేటా ఏమీ లేకపోతే ఇంత సర్జరీ అక్కర్లేదు. కంట్రోల్ ప్లేన్‌లో "క్యూబ్‌ఏడీఎం టోకెన్ క్రియేట్ --ప్రింట్-జాయిన్-కమాండ్", వర్కర్‌లో "క్యూబ్‌ఏడీఎం రీసెట్", ఆపైన ఆ జాయిన్ కమాండ్. టోకెన్ 24 గంటలే చెల్లుతుంది. వర్కర్లు నాలుగైదు ఉంటే మేం సిఫారసు చేసేది ఈ దారినే.

గడియారాన్ని వెనక్కి తిప్పితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయంటున్నారు?

సర్దుకోవచ్చు. సర్టిఫికెట్ చెల్లే తేదీకి గడియారం తిప్పితే క్లస్టర్ లేస్తుంది, క్యూబ్‌లెట్ కొత్త సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. కానీ నోడ్లన్నీ ఒకే తేదీలో ఉండాలి, క్రోనీ ఆపి ఉండాలి. ఈలోపు లేచిన అప్లికేషన్లు పాత తేదీతో బిల్లులు, లాగులు రాసేస్తాయి. ల్యాబులో సరదాకి చేయండి. కాటా చీటీలు, జీఎస్‌టీ బిల్లులు రాసే క్లస్టర్‌లో వద్దు.

క్యూబ్‌లెట్ లేవట్లేదు, కానీ లాగులో సర్టిఫికెట్ ఊసే లేదు.

ముందు స్వాప్ (డిస్కును ర్యామ్‌లా వాడుకునే చోటు) ఆన్‌లో ఉందేమో "స్వాపాన్ --షో"తో చూడండి. క్లస్టర్ కట్టిన రోజు "స్వాపాఫ్ -ఏ" కొట్టి, ఎఫ్‌ఎస్‌టాబ్‌లో వరస తీయడం మర్చిపోతే మొదటి రీబూట్‌కే స్వాప్ తిరిగొస్తుంది. స్వాప్ ఉంటే క్యూబ్‌లెట్ మామూలు సెట్టింగ్‌లో మొరాయిస్తుంది. రెండేళ్లు రీబూట్ చేయని సర్వర్‌లో ఈ తప్పు రెండేళ్లూ దాక్కునే ఉంటుంది.

తర్వాత కంటైనర్లను నడిపే కంటైనర్‌డీ సర్వీసు నడుస్తోందా, బీఆర్_నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ లోడ్ అయిందా, ఐపీ ఫార్వర్డింగ్ 1గా ఉందా. ఇవి కూడా ఆ రోజుకి మాత్రమే చేతితో పెట్టి ఉంటే రీబూట్‌తో పోతాయి. లేచిన వెంటనే ఉబుంటు ఆటోమేటిక్ అప్‌డేట్లు క్యూబ్‌లెట్‌ను కొత్త వెర్షన్‌కి లాగేయలేదు కదా అన్నది కూడా చూడండి. "ఏపీటీ-మార్క్ హోల్డ్" క్యూబ్‌లెట్, క్యూబ్‌ఏడీఎం, క్యూబ్‌సీటీఎల్ ప్యాకేజీలు మూడింటికీ ఉండాలి. ఇంకా డాకర్‌షిమ్ (కుబర్నెటీస్‌ను డాకర్‌తో కలిపే పొర) మీదే నడుస్తున్న పాత క్లస్టర్ అయితే, 1.24లో దాన్ని తీసేశారు కాబట్టి ఆ లాగుడుతో కథ ముగుస్తుంది.

"సర్టిఫికెట్ ఈజ్ వ్యాలిడ్ ఫర్ ఫలానా ఐపీ, నాట్ ఫలానా ఐపీ" అంటోంది.

రౌటర్ మార్చారు, లేదా డీహెచ్‌సీపీ వేరే ఐపీ ఇచ్చింది. కొత్త ఐపీతో సర్టిఫికెట్ చేసుకోవచ్చు, కానీ పాత ఐపీ మానిఫెస్ట్‌లలో, ఎట్‌సీడీ సభ్యుల జాబితాలో, ప్రతి కాన్ఫ్ ఫైలులో రాసి ఉంటుంది. అన్నీ మార్చడం కన్నా నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్)లో పాత ఐపీని స్థిరంగా ఇచ్చేయడం పది నిమిషాల పని.

ఎట్‌సీడీ లేచి పడిపోతోంది.

కారణం సర్టిఫికెట్టా డేటానా తేల్చుకోండి. "క్రైసీటీఎల్ లాగ్స్"లో "బ్యాడ్ సర్టిఫికెట్" అని ఉంటే మిగతా సభ్యుల్లో రెన్యూ జరగలేదు. మూడింటిలోనూ పూర్తయ్యేదాకా తీర్పు చెప్పొద్దు. "పానిక్" అనో, వాల్ ఫైలు (ఎట్‌సీడీ రాతల చిట్టా) సీఆర్‌సీ తప్పనో ఉంటే కరెంటు పోయినప్పుడు రాత సగంలో ఆగి డిస్కు మీద దెబ్బతిన్నట్టు.

మూడింటిలో ఒక్కటే దెబ్బతింటే దాన్ని సభ్యత్వం నుంచి తీసేసి, డేటా ఫోల్డర్ ఖాళీ చేసి కొత్త సభ్యుడిగా చేర్చండి, మిగతా రెండూ డేటా ఇస్తాయి. ఉన్నది ఒక్కటే అయితే స్నాప్‌షాట్ నుంచి "ఎట్‌సీడీయూటీఎల్ స్నాప్‌షాట్ రిస్టోర్". స్నాప్‌షాట్ ఎప్పుడూ తీయలేదా? డేటా ఫోల్డర్‌లో మెంబర్/స్నాప్/డీబీ అనే ఫైలు బాగుంటే దాన్నే స్నాప్‌షాట్‌లా ఇచ్చి, "--స్కిప్-హ్యాష్-చెక్" చేర్చి ప్రయత్నించవచ్చు. ముందు తీసిన టార్ కాపీ మీదే చేయండి, అసలు దాని మీద కాదు.

వర్కర్లన్నీ ఆఫ్‌లో ఉన్నా పాడ్లు రన్నింగ్ అని ఎలా చూపిస్తోంది?

అది ఎట్‌సీడీకి గుర్తున్న చివరి ముచ్చట. నోడ్ కంట్రోలర్ లేచి నోడ్లను నాట్ రెడీగా గుర్తించాక మారుతుంది. అయిదు నిమిషాలు దాటితే ఆ పాడ్లను వేరే నోడ్లకు తరలించడం మొదలవుతుంది. వర్కర్లను ఒక్కొక్కటే తీరిగ్గా ఆన్ చేస్తే మొదట లేచిన నోడ్ మీదే పాడ్లన్నీ వచ్చి పడతాయి. అన్నీ రెడీ అయ్యాక డిప్లాయ్‌మెంట్లకు "రోలవుట్ రీస్టార్ట్" ఇస్తే సమంగా సర్దుకుంటాయి.

నోడ్లన్నీ రెడీ. పాడ్లు మాత్రం ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్.

అంటే పాడ్‌కి కావాల్సిన ఇమేజ్ (అప్లికేషన్ ప్యాకేజీ) దింపుకోలేకపోతోంది. డిస్కు 85 శాతం నిండితే క్యూబ్‌లెట్ వాడుకలో లేని ఇమేజ్‌లను చెరిపేస్తుంది. మీరు లేని ఈ నెలల్లో ఆ ఇమేజ్‌లు దొరికే చోటు కూడా మారి ఉండొచ్చు. పాత కే8ఎస్.జీసీఆర్.ఐఓ రిజిస్ట్రీని 2023 ఏప్రిల్ 3న స్తంభింపజేశారు, ఇప్పుడు వాడాల్సింది రిజిస్ట్రీ.కే8ఎస్.ఐఓ. ప్యాకేజీలదీ అదే దారి, పాత ఏపీటీ రిపో 2024లో పోయింది. పీకేజీఎస్.కే8ఎస్.ఐఓలో ఒక్కో మైనర్ వెర్షన్‌కి ఒక్కో రిపో ఉంటుంది. డాకర్ హబ్ నుంచి లాగిన్ లేకుండా లాగితే పరిమితి ఉంటుంది, అన్ని నోడ్లూ ఒకే ఫైబర్ ఐపీ వెనక ఉంటే అది చప్పున అయిపోతుంది. సొంత రిజిస్ట్రీ ఉంటే దాని సర్టిఫికెట్ గడువు కూడా చూడండి. అది క్లస్టర్ లోపలే పాడ్‌గా ఉంటే ముందు దాన్నే లేపాలి.

కాలికో (పాడ్ల నెట్‌వర్క్ నడిపే యాడ్ఆన్) ఉన్న క్లస్టర్‌లో పాడ్లు "కంటైనర్ క్రియేటింగ్" దగ్గరే ఆగాయి, "అన్ఆథరైజ్డ్" అంటోంది.

నోడ్‌లో కాలికో రాసుకున్న టోకెన్ పాతబడింది. కాలికో-నోడ్ పాడ్లను డిలీట్ చేయండి, కొత్తగా లేచి టోకెన్ తాజాది రాసుకుంటాయి.

ఏది క్రియేట్ చేసినా "ఫెయిల్డ్ కాలింగ్ వెబ్‌హుక్" అంటోంది.

ఏదో యాడ్ఆన్ పెట్టిన అడ్మిషన్ వెబ్‌హుక్ (క్రియేట్ చేసేవాటిని ముందుగా తనిఖీ చేసేది) సర్టిఫికెట్ గడువు తీరింది, లేదా దాని పాడ్ ఇంకా లేవలేదు. ఆ పాడ్ లేవాలంటే వెబ్‌హుక్ ఒప్పుకోవాలి, వెబ్‌హుక్ ఒప్పుకోవాలంటే పాడ్ లేవాలి. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు అన్నట్టు. ఆ వెబ్‌హుక్ కాన్ఫిగరేషన్‌ను యామల్‌లోకి దాచి, డిలీట్ చేసి, పాడ్ లేచి కొత్త సర్టిఫికెట్ వచ్చాక తిరిగి పెట్టండి.

లేపగానే పాత మెసేజ్‌లు జనానికి వెళ్లిపోతాయేమో అని భయంగా ఉంది.

భయం న్యాయమే. క్రాన్‌జాబ్ (వేళ ప్రకారం నడిచే పని)కి "స్టార్టింగ్ డెడ్‌లైన్ సెకండ్స్" పెట్టకపోతే, తప్పిపోయిన వేళల్లో చివరిదాన్ని లేచిన వెంటనే ఒకసారి నడపబోతుంది. రైతులకు బాకీ మెసేజ్ పంపే జాబ్ అర్ధరాత్రి లేచిందంటే ఫోన్లు మోగిపోతాయి. 100కి మించి వేళలు తప్పితే కొన్ని వెర్షన్లలో అసలు నడపకుండా మొరాయిస్తుంది. ఆ గడువును 200 లాంటి చిన్న అంకెకు పెడితే రెండు ఇబ్బందులూ పోతాయి. ఆపే రోజే అన్ని క్రాన్‌జాబ్‌లకు "సస్పెండ్: ట్రూ" పెట్టడం ఇంకా మంచిది.

మాది కే3ఎస్.

అదృష్టవంతులు. సర్టిఫికెట్లు 365 రోజులవే, కానీ లేచిన ప్రతిసారీ గడువు తీరినవాటిని, తీరబోతున్నవాటిని తనే కొత్తవి చేసుకుంటుంది. గడియారం సరిచేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలావరకు పని అయిపోతుంది. మొరాయిస్తే సర్వీస్ ఆపి "కే3ఎస్ సర్టిఫికెట్ రొటేట్".

ఓపెన్‌షిఫ్ట్?

లేచాక "ఓసీ గెట్ సీఎస్ఆర్"లో పెండింగ్ దరఖాస్తులు వరసగా వస్తాయి, "ఓసీ ఏడీఎం సర్టిఫికెట్ అప్రూవ్"తో ఆమోదించాలి. ఒక విడత అయ్యాక ఆగి మళ్లీ చూడండి, ఒక్కో నోడ్‌కి రెండు రకాలు వస్తాయి: మొదట క్లయింట్‌ది, అది అయ్యాక సర్వింగ్‌ది.

సర్టిఫికెట్ ఆయుష్షు పెంచుకోలేమా?

వెర్షన్ 1.31 నుంచి క్యూబ్‌ఏడీఎం కాన్ఫిగ్ వీ1బీటా4లో "సర్టిఫికెట్ వ్యాలిడిటీ పీరియడ్" అనే అమరిక ఉంది, సీఏకి విడిగా ఇంకొకటి. సీజన్‌కి నడిచి సీజన్‌కి ఆగే యూనిట్‌కి రెండేళ్లు పెట్టుకోవడంలో తప్పు లేదు. పదేళ్లు పెడితే మాత్రం, కీ ఎవరి చేతిలోనైనా పడితే పదేళ్లూ చెల్లుతుంది. పైగా క్యూబ్‌లెట్ తెచ్చుకునే సర్టిఫికెట్ ఆయుష్షు ఈ అమరిక చేతిలో లేదు, అది కంట్రోలర్ మేనేజర్ సంతకం పెట్టే కాలాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కువ కాలం ఆపబోతున్నారని తెలిస్తే ఆ రోజే రెన్యూ ఆల్ కొట్టి, ఎట్‌సీడీ స్నాప్‌షాట్ తీసి, గడువు తేదీని కాగితం మీద రాసి రాక్ తలుపుకి అంటించండి.

ల్యాబు క్లస్టర్, లోపల డేటా ఏమీ లేదు. ఇంత తంటా పడాలా?

అక్కర్లేదు. అన్ని నోడ్లలో "క్యూబ్‌ఏడీఎం రీసెట్" చేసి కొత్తగా కట్టుకోండి. ఆగిన కాలంలో మీ వెర్షన్‌కి మద్దతు కూడా అయిపోయి ఉండొచ్చు, ఒక్కో మైనర్ వెర్షన్‌కి దాదాపు 14 నెలలే. పాతదాన్ని బాగుచేస్తే ఒక్కో మెట్టే ఎక్కుతూ అప్‌గ్రేడ్ చేయాలి, మెట్లు దాటడం కుదరదు. రీసెట్ అన్నీ తుడిచేస్తుందనుకోవద్దు. /ఈటీసీ/సీఎన్ఐ/నెట్.డీలోని పాత ఫైళ్లు, ఐపీటేబుల్స్ రూల్స్, హోమ్‌లోని .క్యూబ్/కాన్ఫిగ్ మీరే తీసేయాలి. అవి మిగిలితే కొత్త క్లస్టర్‌లో పాడ్లకు పాత నెట్‌వర్క్ ఐపీలు వచ్చి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.